మా చేను రాత్రికి రాత్రి ఈనిందా?

పాఠకుల ప్రశ్నలు – పాత సర్వేయరు జవాబులు

ప్రశ్న: మా నాయన ప్రైవేటుగా పొలాలు కొలిచేవారు. పోయినేడాది కాలం చేశారు. ట్రంకుపెట్టె సర్దుతుంటే తుప్పుపట్టిన గొలుసు, నాలుగైదు ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) నకళ్ళు, వాటి కింద తువ్వాలులో చుట్టిన ఒక మిషను దొరికాయి. మీద క్యాసియో పీబీ-100 అని రాసుంది. ఎడమ పక్క ఇంగ్లీషు అక్షరాల మీటలు, కుడి పక్క అంకెలు ఉన్నాయి. స్విచ్ జరిపితే తెర మీద ఏమీ రాలేదు. నాయన దీంతోనే ఎకరాలు, సెంట్లు తేల్చేవారని అమ్మ చెబుతోంది. ఇది మళ్ళీ పనిచేస్తుందా? దీంతో పొలం లెక్క ఎలా కడతారు? మా అబ్బాయేమో ఫోన్ ఉండగా ఈ డొక్కు ఎందుకు, పారేయమంటున్నాడు.
– ఒక పాఠకుడు, అల్లూరు, నెల్లూరు జిల్లా

జవాబు: పారేయకండి. ముందు దాన్ని అబ్బాయి కంటపడకుండా బీరువాలో పెట్టి, ఆ తర్వాత ఈ జవాబు చదవండి.

ఆ మిషనంటే నాకు పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నాను. 1984లో మా బావమరిది కువైట్ నుంచి వస్తూ మా ఆవిడకి చీర, పిల్లలకి చాక్లెట్లు, నాకు ఇది తెచ్చాడు. అప్పటిదాకా నా బతుకు పగలంతా గొలుసు పట్టుకుని గట్ల మీద తిరగడం, రాత్రి లాంతరు ముందు కూర్చుని గుణకారాలు వేసుకోవడం. ఒక్క అంకె తప్పితే మళ్ళీ మొదటికి. ఈ మిషను వచ్చాక మా ఇంట్లో కిరసనాయిలు ఖర్చు తగ్గిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

క్యాసియో వాళ్ళు దీన్ని 1982లో తెచ్చారు. చూడ్డానికి కాలిక్యులేటరే అయినా బేసిక్ భాషలో ప్రోగ్రాం రాసి దాచుకోవచ్చు. అందుకే పాకెట్ కంప్యూటర్ అన్నారు. తెర మీద ఒక్కటే వరస, అందులో 12 అక్షరాలు. ప్రోగ్రాంకి 544 స్టెప్పుల చోటు. లైను నంబరుకి రెండు స్టెప్పులు, ప్రింట్ లాంటి ఆజ్ఞ ఎంత పొడుగున్నా ఒకటే స్టెప్పు, మిగతావి అక్షరానికి ఒకటి చొప్పున. మీ అబ్బాయి వాట్సాప్‌లో పంపే ఒక్క గుడ్ మార్నింగ్ బొమ్మ పట్టే చోటులో ఇలాంటివి వంద మిషన్ల సరుకు పడుతుంది. అయినా ఆ చోటులోనే నేను పదిహేనేళ్ళు కాపురం చేశాను.

ముందు సెల్లుల సంగతి. దీనికి సీఆర్2032 నాణెం సెల్లులు రెండు కావాలి. కారు తాళాల రిమోట్లలో, కంప్యూటర్ మదర్‌బోర్డుల్లో వేసేవే. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఏ గడియారాల షాపులో అడిగినా ఇస్తారు. వెనక స్క్రూలు విప్పి, పాతవి రెండూ తీసి, కొత్తవి రెండూ ఒకేసారి వేయండి. ఒకటి పాతది ఒకటి కొత్తది పెట్టి పొదుపు చేయొద్దు. సెల్లు తగిలే రేకు మీద చిలుము ఉంటే పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్దండి, నీళ్ళు తగలనివ్వకండి. సెల్లులు వేశాక ఆల్ రీసెట్ అనే బొత్తాన్ని పెన్ను మొనతో ఒకసారి నొక్కాలి. చాలామంది ఇది మర్చిపోయి మిషను చచ్చిందనుకుంటారు. తర్వాత స్విచ్ జరిపితే 'రెడీ పీ0' అని రావాలి, పీ0 అంటే ప్రోగ్రాం దాచుకునే మొదటి గది. రాకపోతే పక్కనున్న చిన్న చక్రం తిప్పి చూడండి, అది తెర నలుపు తగ్గించి పెంచేది. తెర మూల సిరా ఒలికినట్టు నల్లమరక ఉంటే మాత్రం దానికి మందు లేదు, మిగిలిన అక్షరాలతో సర్దుకోవాలి.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. ఈ మిషనుకి దాచుకునే సెల్లు వేరే లేదు. ఉన్న రెండు సెల్లులు అయిపోతే లోపలి ప్రోగ్రాములన్నీ పోయినట్టే. కాబట్టి మీ నాయనగారు రాసుకున్నవి మిషనులో వెతక్కండి, ట్రంకులో వెతకండి. అప్పట్లో ప్రతివాళ్ళం నోటుబుక్కులో రాసి పెట్టుకునేవాళ్ళం. పీ0, పీ1 అని పైన వేసి కింద వరసగా 10, 20, 30 అని లైన్లున్న పేజీలు కనిపిస్తే అవే. ఎఫ్ఏ-3 అని రాసున్న పెట్టె ఉంటే ఇంకా మంచిది. అది ప్రోగ్రాముల్ని టేప్ రికార్డర్ కాసెట్ మీదికి ఎక్కించేది. ఆ కాసెట్ వింటే పాట ఉండదు, చెవులు గింగుర్లెత్తే కీచు శబ్దం ఉంటుంది. చెడిపోయిందని పారేయకండి. ఇతర పాఠకులు ఎవరి దగ్గరైనా తెర మసకగానైనా వెలుగుతున్న మిషను ఉంటే, సెల్లులు మార్చకముందే లోపలున్నదంతా కాగితం మీదికి దించుకోండి.

ఇక పొలం లెక్క. ఎన్ని వంకరలున్న చేనైనా ముక్కోణాలుగా కోసుకోవచ్చు. మూడు భుజాలు తెలిస్తే వైశాల్యం వస్తుంది, ఎత్తు అక్కర్లేదు. హైస్కూల్లో చెప్పే హీరాన్ సూత్రమే. మిషనులో మోడ్ నొక్కి 1 నొక్కితే రాసుకునే గదిలోకి వెళ్తారు. ఇదిగో, నా ప్రోగ్రాం. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి. ఒక్కో లైను చివర ఈఎక్స్ఈ మీట నొక్కాలి.

5 టీ = 0
10 ఇన్‌పుట్ ఎ, బి, సి
20 ఎస్ = (ఎ + బి + సి) / 2
30 టీ = టీ + ఎస్‌క్యూఆర్ (ఎస్ × (ఎస్ − ఎ) × (ఎస్ − బి) × (ఎస్ − సి))
40 ప్రింట్ టీ / 1000
50 గోటూ 10

అంతే, ఎనభై స్టెప్పుల లోపే. ఎస్‌క్యూఆర్ అంటే వర్గమూలం. మోడ్ 0లోకి వచ్చి రన్ అని కొడితే ప్రశ్న గుర్తు వస్తుంది. 300, 400, 500 ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వండి. 60 అని రావాలి. అంటే 60 సెంట్లు. వస్తే మీ మిషను నిక్షేపంలా ఉన్నట్టు. మళ్ళీ ఈఎక్స్ఈ నొక్కితే తర్వాతి ముక్కోణం అడుగుతుంది, పాత మొత్తానికి కలుపుకుంటూ పోతుంది.

వెయ్యితో భాగించడం ఎందుకంటే, మన పాత కొలతలు లింకుల్లో ఉంటాయి. 1620లో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషాయన పెట్టిన గొలుసు ఇది. పొడవు 66 అడుగులు, అందులో నూరు లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. అంటే ఎకరానికి లక్ష చదరపు లింకులు, సెంటుకి వెయ్యి. ఎంత తేలికో చూడండి, మూడు సున్నాలు కొట్టేస్తే సెంట్లు. ఆయన పుణ్యమా అని మన ముందుతరం చైన్‌మన్లు (గొలుసు పట్టేవాళ్ళు) కూడా నోటి లెక్కతో ఎకరాలు చెప్పేసేవాళ్ళు. మీ దగ్గరున్న స్కెచ్ మీటర్లలో ఉంటే 1000 బదులు 40.47 వేసుకోవాలి. లింకులో మీటర్లో చూసుకోకుండా లెక్క కడితే ఎకరం కాస్తా ఎక్కడికో పోతుంది.

ఇప్పుడు ఆ 5వ లైను కథ. అది మొదట్లో నా ప్రోగ్రాంలో లేదు.

1985 వేసవి. కావలి పక్క పల్లెలో ఒక చేను కొలవడానికి పిలిచారు. అడంగల్లో, అంటే ఊరి భూముల రికార్డులో, 2 ఎకరాల 6 సెంట్లు. గట్టు ఇవతల చేనుగలాయన, అవతల పొరుగాయన, ఇద్దరి మనుషులూ. పైకి పలకరింపులే గానీ లోపల చాన్నాళ్ళుగా కుతకుతలాడుతున్నారు. నేను ఐదు ముక్కోణాలు కొలిచి, మిషనులో కొట్టి, దర్జాగా తెర అందరికీ చూపించాను. 217.

చేనుగలాయన తెర వంక చూసి, నా వంక చూసి, "ఏందయ్యా సర్వేరూ, మా చేను రాత్రికి రాత్రి ఈనిందా యేంది?" అన్నాడు.

గట్టు అవతలాయన ఊరుకుంటాడా? "ఈనలేదు. మా చేలో మేసొచ్చింది" అన్నాడు.

తువ్వాళ్ళు భుజాల మీంచి నడుములకి దిగాయి. నాకు టెన్షన్. చింతచెట్టు కింద కూర్చుని కాగితం తీసి, ముక్కోణం అడుగు భుజంలో సగం ఇంటూ ఎత్తు అని పాత పద్ధతిలో మొత్తం మళ్ళీ కట్టాను. 206 వచ్చింది, అడంగల్లో ఉన్నంతే. తేడా సరిగ్గా 11. ఆ పదకొండు ఎక్కడో విన్నట్టుందే అనుకుంటుంటే వెలిగింది. ముందురోజు సాయంత్రం కావలిలో ఒక ఇళ్ళస్థలం కొలిచాను. అది 11 సెంట్లు.

ఏం జరిగిందంటే, ఈ మిషను స్విచ్ ఆపినా దేన్నీ మర్చిపోదు. ప్రోగ్రాములే కాదు, ఎ నుంచి జెడ్ దాకా 26 అక్షరాల్లో ఏ అంకె వదిలేస్తే ఆ అంకె అలాగే ఉంటుంది. రన్ అని కొత్తగా మొదలుపెట్టినా చెరపదు. మనమే సున్నా చెయ్యాలి, లేదా వీఏసీ అనే ఆజ్ఞతో అన్నీ ఒకేసారి ఖాళీ చెయ్యాలి. నేను రెండూ చేయలేదు. కావలి ఇళ్ళస్థలం రాత్రంతా టీ అక్షరంలో పడుకుని, పొద్దున్నే లేచి పల్లెలో పొలంతో కలిసింది. మొదటి ముక్కోణానికే తేడా కనిపించి ఉండాలి. కానీ మిషను వచ్చిన కొత్తలో నేను చివరి అంకె తప్ప మధ్యలోవి చూడటం మానేశాను. చేత్తో కట్టే రోజుల్లో ఆ పని చేసేవాణ్ణి కాదు.

తప్పు నాదేనని ఇద్దరికీ చెప్పాను. ఆ రోజు కూలి అడగడానికి మొహం చెల్లలేదు. వాళ్ళు మజ్జిగ మాత్రం ఇచ్చారు. ఇంటికెళ్ళగానే 5వ లైను చేర్చాను. మిషను కవరు మీద స్కెచ్ పెన్నుతో 'ముందు టీ సున్నా' అని కూడా రాశాను. మా ఆవిడ అది చదివి, నాకు టీ మానేయమని డాక్టరు చెప్పాడేమో అనుకుంది.

ఇదే మిషను నన్ను కాపాడిన సందర్భమూ ఉంది. ఒకసారి 150, 200, 360 అని మూడు భుజాలు ఇస్తే ఈఆర్ఆర్3 అని వచ్చి ఆగిపోయింది. పక్కనే పీ0-30 అని కూడా చూపించింది, అంటే 30వ లైనులో కుదరలేదని. మూడో నంబరు తప్పంటే లెక్కకి లొంగని తప్పు. 150, 200 కలిపితే 350. అవతల భుజం 360. రెండు చిన్న భుజాలు కలిసినా పెద్దదాన్ని అందుకోకపోతే ముక్కోణం ఎక్కడ మూసుకుంటుంది? లోపల మైనస్ అంకెకి వర్గమూలం తీయాల్సి వచ్చి మిషను చేతులెత్తేసింది. వెళ్ళి మళ్ళీ కొలిస్తే 150 కాదు, 250. చైన్‌మన్ ఒక గొలుసు లెక్కపెట్టడం మర్చిపోయాడు. అయితే తప్పు కొలతైనా ముక్కోణం కుదిరితే చాలు, మిషను కిక్కురుమనదు. అందుకని ప్రతి గొలుసూ పైకి అరిచి చెప్పమనేవాణ్ణి.

ఎండ గురించి కూడా చెప్పాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళ సంగతేమో గానీ ఈ మిషను తెర మాత్రం మొత్తం నల్లబడుతుంది. మొదటిసారి అలా అయినప్పుడు బావమరిది డబ్బు బూడిదైందనుకున్నాను. వేపచెట్టు నీడలో పది నిమిషాలు పెడితే మళ్ళీ అక్షరాలు తేలాయి. మీకు అది తువ్వాలులో చుట్టి దొరికిందన్నారు కదా, మీ నాయనగారు ఎందుకు చుట్టేవారో నాకు తెలుసు.

మీ అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు. ఈ లెక్క ఫోన్లో చిటికెలో అవుతుంది. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు, రోవర్లు (ఉపగ్రహాల సాయంతో కొలిచే పరికరాలు) వచ్చాక గొలుసు పట్టే మనిషే కనబడటం లేదు. అవి కొలిచినంత ఖచ్చితంగా నేను ఏనాడూ కొలవలేదు. కానీ ఒక ఆదివారం ఆ ఆరు లైన్లు అబ్బాయి చేతే కొట్టించి, మీ ఇంటి స్థలం మీటర్ల టేపుతో కొలిపించండి, 40వ లైనులో 1000 బదులు 40.47 వేయించడం మర్చిపోకండి. 5వ లైను లేకుండా రెండుసార్లు నడపమనండి. ఆ తర్వాత పారేయమంటాడో లేదో నాకు రాయండి. నాయనగారి నోటుబుక్కు దొరికితే అందులో మొత్తాన్ని సున్నా చేసే లైను ఉందో లేదో కూడా రాయండి. ఉంటే ఆయన నాకన్నా తెలివైనవారు.

ప్రశ్న: కందుకూరులో ప్లాటు కొంటున్నాం. 40 అడుగులు, 60 అడుగులు. అమ్మేవాళ్ళు అంకణాల్లో ధర చెబుతున్నారు. తిరుపతిలో ఉండే మా అల్లుడు అంకణం అంటే 36 చదరపు అడుగులంటాడు. ఇక్కడివాళ్ళు 72 అంటున్నారు. ఎవరి మాట నిజం?
– ఒక గృహిణి, కందుకూరు

జవాబు: ఇద్దరిదీ నిజమేనమ్మా, ఎవరి ఊళ్ళో వాళ్ళది. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, ఎనిమిది తొమ్ములు. తిరుపతి వైపు అందులో సగం. నెల్లూరు అంకణంలో ఒక సుఖం ఉంది. ఎకరానికి 43,560 చదరపు అడుగులు కదా, 72తో భాగిస్తే సరిగ్గా 605, మిగులు లేదు. సెంటుకి 6.05 అంకణాలు.

మీ ప్లాటు 2,400 చదరపు అడుగులు. ఇక్కడి లెక్కన 33.33 అంకణాలు, మీ అల్లుడుగారి లెక్కన 66.67. గజాల్లో 266.67, సెంట్లలో ఐదున్నర. బేరం ఏ అంకణంలో ఆడినా సరే, అగ్రిమెంటులో చదరపు అడుగులో గజాలో రాయించండి. నాలుగు హద్దుల పొడవులు కూడా విడివిడిగా వేయించండి. నా పీబీ-100లో 72ని కె అనే అక్షరంలో దాచేవాణ్ణి. చిత్తూరు వైపు పనికెళ్ళినప్పుడు దాన్ని 36 చేసి, తిరిగొచ్చాక మార్చడం మర్చిపోయిన ఘనత కూడా నాకుంది. ఆ కథ ఇంకోసారి.

ప్రశ్న: కాలేజీలో పైథాన్ నేర్చుకుంటున్నాను. 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వచ్చింది. మా తాతయ్య దగ్గరున్న పాత క్యాసియో పాకెట్ కంప్యూటర్‌లో 0.3 అనే వస్తోంది. నలభై ఏళ్ళ నాటి దానికి వచ్చిన లెక్క నా లాప్‌టాప్‌కి ఎందుకు రాలేదు?
– డిగ్రీ విద్యార్థిని, కావలి

జవాబు: మంచి ప్రశ్న వేశావమ్మా. నీ లాప్‌టాప్ అంకెల్ని రెళ్ళలో దాస్తుంది. సగం, పావు, అరపావు, వీసం అలా పోతుంది. పదో వంతుని సగాల సగాలతో ఎంత దూరం పేర్చినా పూర్తిగా నిండదు, ఎక్కడో కోసెయ్యాలి. ఆ కోసిన తునకే చివర నాలుగుగా తేలింది. తాతయ్య మిషను మనలాగే పదుల్లో దాస్తుంది. దానికి 0.1 అంటే 0.1. నా పీబీ-100 అయితే తెర మీద పది అంకెలు చూపిస్తుంది, లోపల ఇంకో రెండు ఎక్కువ పెట్టుకుని లెక్క కడుతుంది.

అలాగని అది హరిశ్చంద్రుడేమీ కాదు. ఒకటిని మూడుతో భాగించమను, మూడ్లు వేసుకుంటూ పోయి అదీ ఎక్కడో ఒకచోట కోసేస్తుంది. పైథాన్‌లో కూడా పదుల్లో లెక్క కట్టే డెసిమల్ అనే సదుపాయం ఉంది, మీ లెక్చరర్‌ని అడుగు. తాతయ్య ఇంతకీ ఏ మోడల్ వాడుతున్నారు? ఎప్పుడైనా కావలి వస్తే చూడాలని ఉంది.

ప్రశ్న: వడ్ల వ్యాపారి పుట్టి లెక్కన ధర చెబుతాడు. కాటా చీటీ కిలోల్లో ఉంటుంది. మీరు చెప్పే మిషనుకి దీనికి కూడా ప్రోగ్రాం ఉందా?
– ఒక రైతు, విడవలూరు

జవాబు: దీనికి ప్రోగ్రాం ఎందుకయ్యా! నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. చీటీలో ఉన్న కిలోల్ని 850తో భాగించండి. 8,245 కిలోలైతే 9.7 పుట్లు. క్వింటాలు ధరతో పోల్చాలంటే పుట్టి ధరని 8.5తో భాగించండి. పుట్టి 20,000 అన్నాడనుకోండి, క్వింటాలు 2,353 పడుతుంది. తేమ పేరు చెప్పి, సంచి పేరు చెప్పి తీసే తరుగు మాత్రం ఏ మిషనుకీ అందదు. దాన్ని చీటీ మీద వేరే రాయమనండి.

ప్రశ్న: నా దగ్గర పనిచేసే పీబీ-100 ఉంది. అమ్మితే ఎంత వస్తుంది?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: నన్ను అడిగితే అమ్మొద్దంటాను. ఇక ధర ఏం చెబుతాను?

సవరణ: పోయిన నెల ఈ శీర్షికలో ఎకరానికి 650 అంకణాలని పడింది. 605 అని చదువుకోవాలి. ఇద్దరు పాఠకులు ఫోన్ చేసి అచ్చుతప్పు అన్నారు. అచ్చుతప్పు కాదు, నా చేతిరాత కాగితంలోనే అలా ఉంది.